కుందేలు లెక్కలు, మామ్మ గుండె

మా సందులో చాలాకాలం నన్ను గుండె డాక్టరు అనుకున్నారు. తప్పు వాళ్లది కాదు. కొడుకు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా నాన్న "గుండె మీద పని చేస్తన్నాడు" అని చెప్పేవాడు. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. బెంగాల్లో, రేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే ఆ సందులో సగానికి పైగా శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే. అక్కడ ఒక మాట ఈ చివర పుడితే టీ కాగేలోపు ఆ చివర ఉంటుంది. ఛాతీలో మంట అన్నవాళ్లు, ఎడమ చెయ్యి లాగుతోందన్నవాళ్లు, మెట్లెక్కితే ఆయాసమన్నవాళ్లు ఇ.సి.జి. కాగితాలు చుట్ట చుట్టి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. నేను డాక్టర్ని కాను, గణితం చదివాను, నా దగ్గరున్న గుండెలన్నీ కంప్యూటర్లో ఉంటాయి అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ని. వాళ్లు ఓపిగ్గా విని, కాగితం విప్పి, "అయినా ఓపాలి సూడు బాబూ" అనేవారు.

అప్పటికి నేను నిజమైన గుండెను చూసింది ఒకేచోట, సందు చివర మాంసం కొట్లో. అది మేకది.

నా పనేమిటో ఇక్కడ చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే. గుండె కండరంలో ప్రతి కణమూ ఒక చిన్న బ్యాటరీ. సోడియం, పొటాషియం, కాల్షియం దాని గోడల్లోంచి లోపలికీ బయటికీ కదులుతుంటాయి. ఒక్కో కదలికకు ఒక్కో సమీకరణం రాస్తాం. ఒక కణం వెలిగితే దాన్ని చూసి పక్క కణం వెలుగుతుంది. అలాంటి కణాలను కంప్యూటర్లో గళ్ల దుప్పటిలా పరిచి ఒక మూల ముట్టిస్తే, కరెంటు అల ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకుతుంది. అదే గుండె కొట్టుకోవడం. ఆ అల దారి తప్పితే ఏమవుతుంది, మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది అన్నది నా థీసిస్. రోజూ బస్సెక్కి నగరానికి దక్షిణాన ఉన్న మా సంస్థకు వెళ్లి, ఒక సంఖ్య మార్చి, మళ్లీ నడిపించి, ఏమీ మారలేదని రాసుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ని.

మామ్మ అంటే మా నాన్న తల్లి. తాత రేవులో బస్తాలు మోసే రోజుల్లో ఆమె ఈ ఊరు వచ్చింది. తాత పోయాడు. నాన్న అదే రేవులో క్రేన్ నడుపుతున్నాడు. మామ్మ మా రెండు గదుల ఇంటిని నడుపుతోంది. కూరగాయలవాడితో బెంగాలీ, రిక్షావాడితో హిందీ, మాతో తెలుగు మాట్లాడుతుంది. తిట్టాల్సి వస్తే మూడింట్లోనూ మేలైనవి ఏరుకుంటుంది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో మామ్మ కుళాయి దగ్గర పడిపోయింది. బిందె పడిన చప్పుడు వినిపించింది గాని మామ్మ పడిన చప్పుడు వినిపించలేదు, మనిషి అంత తేలిక. మేం పరుగెత్తేసరికి లేచి కూర్చుని, "బిందెకి సొట్ట పోనాదేటి?" అని అడిగింది. ఎండ వల్ల అనుకున్నాం. ఆ రోజు ఎండ లేదు.

రెండోసారి కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తూ పడిపోయింది. ముందుకి పడలేదు, పక్కకి పడింది. మా అమ్మ ఒకసారి మామ్మకేసి, ఒకసారి నిలువుగా నిలబడి ఉన్న ఆ కత్తికేసి చూసింది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు నాకంటే కొంచెం పెద్దదైన ఒక బెంగాలీ అమ్మాయి. ఇ.సి.జి. కాగితం మీద వేలు పెట్టి మాకు వివరించింది. గుండె పై గదుల్లో పుట్టిన సంకేతం కింది గదులకు దాటాలంటే మధ్యలో ఒకే ఒక్క దారి ఉంటుంది. ఆ దారి పాడవుతోంది. కొన్ని సంకేతాలు దాటుతున్నాయి, కొన్ని దాటడం లేదు. నాన్న దాన్ని తెలుగులోకి దించాడు: "మన రేవులో ఓడొస్తే వంతెన తెరుస్తారు గదమ్మా, అప్పుడు బళ్లన్నీ ఇటే ఆగిపోతాయి."

"వంతెన మల్లీ మూసుకోవట్లేదు. అంతే గదా," అంది మామ్మ.

అంతే. ఈ మాట గుర్తుంచుకోవాలి. జబ్బు ఆమెకు మొదటి రోజే అర్థమైంది. నాకు మాత్రం ఆ సంగతి గుర్తులేకపోయింది.

"ఒక రోజు చాలాసేపు ఏదీ దాటదు దీదా," అంది డాక్టరు మామ్మతో. "పేస్‌మేకర్ పెట్టించుకోవాలి. దేరి కోర్బేన్ నా." ఆలస్యం చెయ్యొద్దని.

"హోబే నా," అంది మామ్మ, బేరం తెగని చేపలవాడితో అన్నట్టు. కుదరదు.

ఖర్చు ప్రభుత్వ కార్డు మీద పోతుందని డాక్టరు చెప్పింది. మత్తు కూడా పూర్తిగా ఇవ్వరనీ, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారనీ చెప్పింది. పెట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చెప్పింది, ఈసారి మెత్తగా కాకుండా. మామ్మ మూడుసార్లూ ఆ మాటే అంది. కారణం అడిగితే కిటికీలోంచి బయటికి చూసింది.

ఇంటికొచ్చాక ఎవరి అంచనా వాళ్లది. కత్తంటే భయమని నాన్న. మంచాన పడి సేవ చేయించుకోవడం ఇష్టం లేదని అమ్మ. నాకు ఒక అలవాటుంది, తెలియనిదాన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు పేరు పెట్టడం. మామ్మ వద్దనడానికి మూడు కారణాలు ఉండొచ్చని తేల్చాను: జబ్బు అర్థం కాకపోవడం, యంత్రం పనిచేస్తుందని నమ్మకపోవడం, ఆపరేషన్ భయం. మూడింటికీ మందు ఒకటే. చూపించడం.

మోడల్ రోగి కాదు అని మా గైడు చేరిన మొదటి రోజే ప్రతి విద్యార్థికీ చెబుతాడు. నేనూ తలూపాను. అలా తలూపినవాళ్లం అందరం సొంత ఇంట్లోవాళ్ల జబ్బును ఒక్కసారైనా మోడల్లో పెట్టి చూసే ఉంటాం.

మామ్మ ఇ.సి.జి. ముందు పెట్టుకుని, నా దుప్పటి మధ్యలో దారి సన్నగా ఉండే చోట సంఖ్యలు మారుస్తూ పోయాను. చివరికి తెర మీద కూడా మామ్మ కాగితం మీద తప్పుతున్నట్టే అలలు తప్పసాగాయి. మా గైడు చూస్తే ఏమనేవాడో తెలుసు కనక ఆయనకు చూపించలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి అందరినీ పిలిచాను. నాన్న మంచం మీద, అమ్మ గుమ్మం దగ్గర. పక్క వాటా పెద్దమ్మ కూడా బఠాణీ కాయల చేట పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె మాకు చుట్టం కాదు, మామ్మను అత్తా అని పిలుస్తుంది అంతే. కానీ ఆ గోడకు ఆమె వీపు మరక ఉంది. ఆమె భర్తను నేను పెదనాన్నా అని పిలిచేవాణ్ని. ఆయన కిందటి చలికాలంలో పోయాడు.

"ఇది నీ గుండె మామ్మా," అన్నాను.

"నాదేటి? నాది ఇక్కడే ఉన్నాది గదా."

"నీలాంటిది."

మామ్మ ముందుకు వంగి చూసింది. ఎడమ పక్క అంకెల వరుసలు, కుడి పక్క రంగుల దుప్పటి. "ఈ అంకెలన్నీ నావేనేటి?"

అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం. వాడుకోలేదు. "కొన్ని నీవి. చాలావరకు కుందేలివి."

నేను వివరించాను. బతికున్న మనిషి గుండెలోంచి కణాలు తీసి కొలవడం కష్టం. కుందేలు మీద చేసిన కొలతలు చాలా ఉన్నాయి. అందుకే మా సమీకరణాల్లో సంఖ్యలు ఎక్కువగా కుందేలివి, మనిషికి తగ్గట్టు సర్దుకుంటాం. ఈ వివరణను నేను సెమినార్లలో చాలాసార్లు చెప్పాను. అక్కడెప్పుడూ ఎవరూ నవ్వలేదు.

మొదట నవ్వింది పెద్దమ్మ. "ఓలమ్మో! ఇన్నాల్లూ మా అత్తది పులి గుండనుకున్నాను. కుందేలిదంట!"

"నోర్ముయ్యే," అంది మామ్మ. నాకేసి తిరిగింది. "ఒరే, కుందేలుకి ఈ జబ్బు వస్తాదేటి?"

"మామూలుగా రాదు."

"మరి నా జబ్బు దానికెట్టీసినావు గదా. పాపం గాదేట్రా?"

"అది కుందేలు కాదమ్మా, లెక్క," అన్నాడు నాన్న.

"లెక్కకి జబ్బెట్టడం ఇంకా పాపం. దానికి నోరైనా నేదు."

నేను నడిపించాను. పై నుంచి అల పాకుతూ వచ్చింది, సన్నదారి దగ్గర కొంచెం ఆగింది, దాటింది. ఇంకొకటి దాటింది. తర్వాతది దాటలేదు. దాని వెనకది కూడా దాటలేదు. కింది సగం చీకటిగా ఉండిపోయింది. "ఇదిగో, కుళాయి దగ్గర పడిపోయినప్పుడు ఇదే జరిగింది," అన్నాను. తర్వాత పేస్‌మేకర్ పెట్టాను, అంటే కింది సగంలో ఒక చుక్క దగ్గర సమయానికి చిన్న మెరుపు వచ్చేలా ఒక వరుస కోడ్ కలిపాను. పైనుంచి అల రాకపోయినా ఆ చుక్క వెలిగింది, దాని చుట్టూ కింది సగమంతా వెలిగింది. మళ్లీ. మళ్లీ. నాన్న "బాగున్నాది" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు పని అయిపోయిందనిపించింది.

"అయిపోనాదా?" అంది మామ్మ.

"అయిపోయింది."

"కానేదు. ఇప్పుడు నాను సచ్చిపోనాను. సూపించు."

ఇక్కడ ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. మా మోడల్లో చావు లేదు. ఇంతసేపు నడవమని ముందే చెబుతాం, ఆ సేపు అయిపోగానే ఆగిపోతుంది. ఆగేసరికి ఆ గుండె నిక్షేపంగా కొట్టుకుంటూ ఉండొచ్చు. ఫైలు మూసేస్తాం. ఇన్నేళ్లలో నేను ఎన్ని గుండెలు మూశానో లెక్కలేదు, ఒక్కటీ చావలేదు. అప్పటికప్పుడు ఆలోచించి, కణాల్లోకి సోడియం వచ్చే దారికి సంబంధించిన సంఖ్యను సున్నా చేశాను. అప్పుడు కణం దేనికీ వెలగదు. చావంటే అదొక్కటే కాదు గాని, మా బియ్యం డబ్బా మీద అంతకంటే చెయ్యలేను.

నడిపించాను. దుప్పటి మొత్తం చీకటైంది. తెర అడుగున ఇ.సి.జి. లాంటి గీతలో మాత్రం పేస్‌మేకర్ మెరుపులు సమయానికి ఒక్కొక్కటే లేస్తూ ఉన్నాయి.

"ఇదేటి, ఇంకా కొడతంది?"

"అది యంత్రం మామ్మా. బ్యాటరీ ఉన్నంతకాలం కొడుతుంది. నువ్వు పోయినట్టు దానికి తెలీదు."

"కొడితే ఏటవుద్ది?"

"ఏమీ కాదు. కణాలు పలకవు."

మామ్మ చాలాసేపు చూసింది. "తలుపు కొడతంది," అంది చివరికి. "ఇంట్లో ఎవల్లూ నేరు."

"అంతే."

బఠాణీలు ఒలిచే చప్పుడు ఆగిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. "బాబూ," అంది పెద్దమ్మ. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "అయితే మీ పెదనాన్న ఆ రోజు... డాక్టరు సెప్పినప్పుడే ఎలిపోనాడా? లోపల ఆ పెట్టి కొట్టుకుంటన్నా?"

పెట్టి అంటే పేస్‌మేకర్ పెట్టె, పెదనాన్నకూ ఒకటి ఉండేది. "అప్పుడే వెళ్లిపోయాడు పెద్దమ్మా."

"మరి అందరూ ఏటేటో అన్నారు," అంది. కాసేపటికి మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

పెదనాన్న పోయిన రోజు నేను మా సంస్థలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి అంతా అయిపోయింది, "లేటయింది" అని మాత్రం విన్నాను. ఏం లేటయిందో ఆ ఆదివారం మామ్మ, పెద్దమ్మ చెరో ముక్క చెబితే తెలిసింది.

మా సందులో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. ఊరు వదిలి ఇంతకాలమైనా అది వదల్లేదు. పెదనాన్న తెల్లవారేసరికి పోయాడు. ఎండ ముదరకముందే బండి ఎక్కించారు. బండి మలుపు తిరగగానే అన్ని ఇళ్లలోనూ పొయ్యిలు వెలిగాయి, అన్నాలు ఎక్కాయి. శ్మశానంలో కరెంటు పొయ్యి దగ్గరి మనిషి, ఛాతీలో యంత్రమేమైనా ఉందా అని అడిగాడు. పెదనాన్నకు చాలా ఏళ్ల కింద పేస్‌మేకర్ పెట్టారు. మనవాళ్లు నిజం చెప్పారు. అది తీయించుకుని రండి, వేడికి పేలుతుంది అన్నాడతను. అదీ నిజమే. మూత బిగించిన బ్యాటరీ అంత వేడిలో పేలుతుంది. ఎక్కడ తీయిస్తారో ఎవరికీ తెలీదు. పెట్టిన డాక్టరు ఇప్పుడు లేడని ఒకచోట, బయటి శవాన్ని ముట్టుకోమని ఇంకోచోట. తిరిగి తిరిగి, బండివాడు విసిగిపోయి శవాన్ని మళ్లీ మా సందులోకే తెచ్చి ఆపాడు.

లేచిన శవం తిరిగి వచ్చింది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మావాళ్ల ఆచారంలో లేదు. అందుకని తెలిసింది చేశారు, పొయ్యిలు ఆర్పేశారు. ప్రతి ఇంట్లోనూ గిన్నెలో ఉడికీ ఉడకని అన్నం. పొద్దు వాలేవేళకు ఎవరి ద్వారానో ఒక డాక్టరు వచ్చి బండిలోనే ఆ పెట్టె తీసిపెట్టాడు. పని నిమిషాలది, ఎదురుచూపు రోజంతా. ఆ మధ్యలో సందుకు ఒక కారణం కావాల్సి వచ్చింది. లోపల పెట్టె ఇంకా కొట్టుకుంటోంది, ప్రాణం పూర్తిగా పోలేదు, అందుకే తిరిగొచ్చాడు అని ఎవరో అన్నారు. పెద్దమ్మ అప్పట్నుంచీ ఆ మాట మోస్తోంది.

"సరే," అంది మామ్మ, చెప్పడం అయ్యాక. "పెట్టి ఉన్నా సచ్చిపోగలను. అది తేలిపోనాది. ఇప్పుడు సెప్పు. ఎవడు తీస్తాడు?"

నేను తెరకేసి చూశాను.

"నీ లెక్కలో ఉన్నాదేటి అది?"

"లేదు."

"నేదు గదా. మూసీ."

లాప్‌టాప్ మూశాను.

"ఇంట్లోంచి లేచిన పీనుగు మల్లీ ఈ గుమ్మంలోకి రాకూడదు," అంది మామ్మ. "పిల్లలూ పెద్దలూ ఉడకని మెతుకులు ముందెట్టుకుని నా ముకం సూస్తా కూకోకూడదు. పెట్టీ వద్దు, ఏటీ వద్దు."

నేను గుండెకు మోడల్ కట్టాను. మామ్మ తను పోయే రోజుకు కట్టింది, అందులో సందులోని పొయ్యిలన్నీ ఉన్నాయి. ఆమె మోడల్ తప్పని నేను నిరూపించలేకపోయాను. లోపం ఒక్కటే కనిపించింది. పెట్టె తీసేవాడు ఎవరూ లేరన్నది అందులో స్థిరాంకంగా ఉంది. అది మార్చగలిగిన సంఖ్య.

మర్నాడు మా సంస్థకు వెళ్లకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా ప్రశ్న విని ఆమె పెన్ను కింద పెట్టింది. "పెట్టడం గురించి అందరూ అడుగుతారు దాదా. తీయడం గురించి ఎవరూ అడగలేదు," అంది. ఆసుపత్రిలో పోతే అప్పగించేముందు మేమే తీస్తాం, ఇంట్లో పోతే శవాన్ని కదిలించకముందే ఫోన్ చెయ్యండి అని చెప్పింది.

"ఎవరికి?"

"నాకు."

"మీకు బదిలీ అయితే?"

"నా తర్వాత వచ్చినవాళ్లకు."

"వాళ్లు ఫోన్ ఎత్తకపోతే?"

"మీరు ఆడిట్ ఆఫీసులో పనిచేస్తారా?" అని అడిగింది. తర్వాత తన కాలర్ బోన్ కింద వేలు పెట్టి చూపించింది. "చర్మం కింద ఇక్కడ చిన్న జేబులా ఉంటుంది. పైన కోసి, పెట్టె బయటికి తీసి, తీగలు కత్తిరించి, కుట్టెయ్యడమే. చేపలో చేదు తిత్తి చిట్లకుండా తీస్తారే, అంత పని. కానీ మీరు చెయ్యకండి. డాక్టరును రప్పించండి." అని ఊరుకోలేదు. "శుక్రవారం దాకా ఒక మంచం ఆపి ఉంచుతాను. ఈలోపు ఆవిడ ఇంకోసారి పడిపోతే ఈ ఏర్పాట్లన్నీ వేరే పనికొస్తాయి," అంది.

ఇంటికొచ్చి మామ్మకు వరసగా చెప్పాను. మొదట ఈ డాక్టరు, కాకపోతే ఆమె తర్వాతివాళ్లు, కాకపోతే ఇంకొకరు.

"డాక్టర్లు బదిలీ అయిపోతారు," అంది మామ్మ. "నువ్వో?"

"థీసిస్ అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

"ఎప్పుడవుద్ది?"

"అది దేవుడిక్కూడా తెల్దు," అంది అమ్మ వంటింట్లోంచి.

"అయితే నాకు సానా టైమున్నాది," అంది మామ్మ. "ఆల్లెవల్లూ రాకపోతే?"

"వస్తారు మామ్మా."

"మీ పెదనాన్నకీ వస్తారనే అన్నారు. రాకపోతే?"

"రాకపోతే నేను," అన్నాను. డాక్టరు వద్దన్న మాట నాకు గుర్తుంది. అయినా ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

"డాక్టరమ్మ ఏటందీ, సేపలో తిత్తి తీసినట్టా? నువ్వెప్పుడైనా సేప కోసినావేట్రా?"

"లేదు."

"సేపని కొయ్యనోడు నన్నేటి కోస్తావు? రేపు రుయి సేప ఒకటి పట్రా. గోటా తే, కోయించకు."

మా బజార్లో చేప కొన్నవాళ్లెవరూ గోటాగా, అంటే కోయించకుండా, ఇంటికి తీసుకెళ్లరు. చేపలవాడు "కాట్‌బో దాదా?", కోయనా అని రెండుసార్లు అడిగి, నేను వద్దంటే డబ్బులు ఆదా చేసే రకం అనుకున్నట్టుగా చూశాడు, కోసినందుకు వాడేమీ తీసుకోకపోయినా. ఇంట్లో కత్తిపీట మీద కాలు వేసి కూర్చున్నాను. మామ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పొలుసు తీయడం వచ్చింది. పొట్ట కోయడం కూడా వచ్చింది, లోతు తప్ప. ఆకుపచ్చ రసం వేళ్ల మీదికి కారాక గాని తిత్తి ఎక్కడుందో నాకు తెలియలేదు. అమ్మ ఉప్పు వేసి, పసుపు వేసి ఎన్నిసార్లు కడిగినా ఆ చేదు పోలేదు. అయినా అందరం తిన్నాం.

"ఇయాల నన్ను సేదు సేసినావు," అంది మామ్మ చెయ్యి కడుక్కుంటూ.

మర్నాడు తిత్తి చిట్లలేదు, కానీ దాంతోపాటు సగం కార్జం ఊడి వచ్చింది. "తీగలు లాగకూడదు, తెంపాలని గదా సెప్పింది ఆ పిల్ల," అంది మామ్మ. డాక్టరు మాటను నేను ఒక్కసారే చెప్పాను.

ఆ మధ్యాహ్నమే మామ్మ వంటింటి గుమ్మం దాటుతూ ద్వారబంధం పట్టుకుని ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో ఎవరూ లేరు. అమ్మ వెళ్లి నడుం పట్టుకుంది. ఆ విరామం నాకు బాగా తెలుసు. తెర మీద చాలాసార్లు చూశాను. తెర మీద విసుగేస్తే దాన్ని ముందుకు జరపొచ్చు. ఇక్కడ నేను నిలబడి, ఏదో ఒక అల దాటేదాకా మామ్మ మొహం వైపు చూస్తూ ఉండాల్సి వచ్చింది. దాటింది. మామ్మ రెప్పలు కొట్టుకుంది. పట్టుకుని ఉన్న అమ్మను చూసింది, నన్ను చూసింది.

"రేపటికి సిన్న సేప తే," అంది. "పెద్దదాంట్లో ఎవడైనా తీస్తాడు."

మర్నాడు గురువారం. చిన్న చేపే తెచ్చాను. పెద్దమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకుంది. "గుండె డాక్టరు గారూ, పేషెంటుకి మత్తిచ్చినారా?" అంది. కత్తి మొన మీద పొట్టను కొద్దిగా మాత్రం తెరిచాను. వేలితో తడిమితే కార్జం కింద నున్నగా తగిలింది. దాన్ని లాగలేదు. పక్కనున్నవన్నీ మెల్లగా తప్పించి, దాని కాడను గోటితో నొక్కి తెంపాను. ముదురు పచ్చని తిత్తి చెక్కుచెదరకుండా నా అరచేతిలోకి వచ్చింది, ఇగురులో వేసే చిక్కుడు గింజంత.

మామ్మ దాన్ని తన చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కిటికీలోంచి బయట పడేసింది.

"ఆ డాక్టరమ్మకి సెప్పు," అంది. "రేపొస్తన్నామని."

పేస్‌మేకర్ పెట్టారు. డాక్టరు చెప్పినట్టే మూడో రోజుకు ఇంటికొచ్చింది. కాలర్ బోన్ కింద అగ్గిపెట్టె దాచుకున్నట్టు చిన్న ఎత్తు. కొత్త ఇ.సి.జి.లో ప్రతి కొట్టుడుకూ ముందు ఒక సన్నని నిలువు గీత ఉంది, అచ్చం నా తెర మీద లేచినట్టే. దాని తర్వాత వచ్చే అల ఆకారం మాత్రం నా దానికంటే బాగుంది. అందులో కుందేలు లేదు కదా. ఆ తర్వాత మామ్మ ఎక్కడా పడిపోలేదు. కుళాయి దగ్గర మునుపటికంటే గట్టిగా గొడవపడుతోందని ఫిర్యాదులున్నాయి.

డాక్టరుకు నిజంగానే బదిలీ అయింది. వెళ్లేముందు ఫోన్ చేసి, తన చోటుకు వచ్చినాయన నంబరు ఇచ్చింది. ఆయనకు నా గురించి ఏం చెప్పిందో తెలీదు గాని, మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన చాలా జాగ్రత్తగా మాట్లాడాడు.

ఇప్పుడు సందులో నన్నెవరూ గుండె డాక్టరు అనరు. పెట్టి తీసే అబ్బాయి అంటారు. డాక్టరే వస్తాడు, నా పని ఫోన్ చెయ్యడం వరకే అని అందరికీ చెబుతున్నాను. ఓపిగ్గా వింటారు. ఎన్నాళ్లుగానో పేస్‌మేకర్ వద్దంటున్న రేవులో బరువులెత్తే వించి నడిపి రిటైరైన ఒకాయన ఈమధ్యే పెట్టించుకుని, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లకుండా ముందు మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఇ.సి.జి. కాగితం లేదు. చొక్కా గుండీ విప్పి, "ఇక్కడ బాబూ," అని చూపించి వెళ్లిపోయాడు.

ప్రతి ఆదివారం ఇంట్లోకి ఇప్పటికీ గోటా చేపే వస్తుంది. పెట్టె పెట్టించుకున్నావుగా, ఇంకా నాతో ఎందుకు కోయిస్తావు అని ఒకసారి మామ్మను అడిగాను.

"అందుకేరా. సెయ్యి మర్చిపోతాది," అంది.

కత్తిపీట ముందు నేను కూర్చోగానే ఆమె కూడా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంటుంది. చేప అందించేముందు ప్రతి వారమూ ఒక మాట అడుగుతుంది.

"నీ తీసీసు అయిపోనాదేటి?"

"లేదు మామ్మా."

"మంచిది," అని చేప నా చేతికిస్తుంది.